గూడబాతు బాలీసు

సువర్ణ తాడేపల్లిగూడెం నుంచి ఏలూరుకి కాపురానికి వచ్చిన రోజున, బండిలోంచి ముందుగా దిగింది సువర్ణ కాదు, చేత్తో తిప్పే కుట్టు మిషను. సారె కావిళ్ళ కోసం ఎదురుచూస్తున్న కాలవగట్టు వీధి ఆడవాళ్ళు ఆ నల్లటి ఇనుప వస్తువుని చూసి ముక్కున వేలేసుకున్నారు.

"కోడల్ని తెమ్మంటే రైలింజన్ని తెచ్చావేంట్రా?" అంది అత్తగారు దుర్గమ్మ, కొడుకుతో.

కొడుకు తాతారావు రైసుమిల్లులో ఫిట్టరు. ఇనుము కనిపిస్తే చాలు, అతని మొహం విప్పారుతుంది. "ఇంజను కంటే ఇదే నయమమ్మా, పొగ రాదు," అన్నాడు.

సువర్ణ పుట్టింటివాళ్ళు గూడెం స్టేషనులో చేపల గంపలు రైలుకెక్కించే వ్యాపారస్తులు. ఆమె అక్కడి క్రైస్తవ మిషను బడిలో చదివింది. సలోమి టీచరు దగ్గర గొలుసు కుట్టు, కాడ కుట్టు, అంచులకి కుచ్చులు పెట్టడం అన్నీ నేర్చుకుంది. టీచరు పని మానుకుని కొడుకు దగ్గరికి వెళ్ళిపోతూ తన పాత మిషనుని ఈ పిల్ల చేతిలో పెట్టింది. మిషను బడిలో చదివినందుకు మిషనే సారె వచ్చిందని గూడెంలో అందరూ నవ్వుకున్నారు.

దుర్గమ్మ కొల్లేటి లంకలో పుట్టిన మనిషి. వలలు అల్లుతూ, దోనెలు తోస్తూ పెరిగి, పెళ్ళయ్యాక ఏలూరు వచ్చింది. మగడు పోయాక ఒక్కగానొక్క కొడుకుని చేపల తట్ట నెత్తిన పెట్టుకుని పెంచింది. ఆమె నవ్వగా చూసినవాళ్ళు ఆ వీధిలో తక్కువ. అలాంటి మనిషి ఇంట్లో, కాపురానికి వచ్చిన నెల తిరక్కుండానే సువర్ణ ఎర్రటి గుడ్డతో ఒక బాలీసు గలేబు కుట్టింది. మధ్యలో తామరపువ్వు, చుట్టూ కుచ్చులు. దూది కూరి, తాతారావు ఎక్కడినుంచో తెచ్చిన పేము కుర్చీలో నిలబెట్టింది.

దుర్గమ్మ దాని చుట్టూ తిరిగి చూసింది. "ఇది తల కిందకా, నడుం కిందకా?"

"దేని కిందకీ కాదండీ అత్తయ్యా. కుర్చీలో పెట్టుకుని చూసుకోడానికండీ."

"చూసుకోడానికి దిండా!" దుర్గమ్మ అరుగు మీదకి వెళ్ళి వీధి మొత్తానికి వినబడేలా చెప్పింది. "విన్నారా అమ్మా! మా ఇంట్లో దిండుని చూస్తూ నిద్రపోవాలంట!"

వీధి అంతా నవ్వింది. సువర్ణ కూడా నవ్వింది. ఏడుస్తుందనుకున్న కోడలు నవ్వేసరికి దుర్గమ్మ కొంగు దులుపుకుని లోపలికి వెళ్ళిపోయింది. ఆ సాయంత్రం మళ్ళీ ఆ కుర్చీ దగ్గరికి వచ్చింది. బాలీసుని వేలితో పొడిచి చూసింది. అటూ ఇటూ చూసి, మెల్లిగా కూర్చుని, వెనక్కి వాలింది.

"అమ్మాయ్," అని పిలిచింది. "తామరపువ్వుకి కాడేదే? నీళ్ళలో పుట్టినదాన్ని, కాడ లేని తామర నేనెక్కడా చూళ్ళేదు."

"చోటు చాల్లేదండీ. పోనీ, మీరే వెయ్యకూడదూ?"

దుర్గమ్మ సూది పుచ్చుకుంది. వలలు అల్లిన చెయ్యి కావడంతో కాడ లావుగా, ముడులు ముడులుగా వచ్చింది. పువ్వు మధ్యలో మొదలై కుచ్చుల దాకా పాకి, మలుపు తిరిగి వెనక వైపుకి పోయింది. సువర్ణ ఆపలేదు. దుర్గమ్మ చెయ్యీ ఆగలేదు.

అంతే, ఇక ఆమెకి పిచ్చి పట్టుకుంది. తెల్లారి తట్ట పట్టుకుని వెళ్ళినా మధ్యాహ్నానికల్లా ఇంటికొచ్చి, చేతులు సబ్బుతో మళ్ళీ మళ్ళీ తోముకుని, వాసన చూసుకుని మరీ సూది పట్టేది. దారం చాలేది కాదు. అప్పుడు సువర్ణకి సాబిరా దొరికింది. సాబిరా వాళ్ళది తంగెళ్ళమూడి. ఇంట్లో మగ్గాల మీద తివాచీలు నేస్తారు. తివాచీ అయ్యాక కత్తిరించి పారేసే ఉన్ని దారపు ముక్కలు వాళ్ళ వసారాలో రంగురంగులుగా గుట్టపడి ఉంటాయి. కాలవ రేవులో బట్టలుతుకుతూ పరిచయమైన సాబిరా ఒకరోజు ఆ ముక్కలు కొంగు నిండా కట్టుకొచ్చి దుర్గమ్మ ముందు గుమ్మరించింది.

"ఇవి మీకు పనికొస్తాయా పిన్నిగారూ?"

దుర్గమ్మ ఆ రంగుల్లోకి రెండు చేతులూ పెట్టి పైకెత్తింది. ఆమె మొహం చూసి సాబిరా ఆ రోజు ఇంటికే వెళ్ళలేదు, సాయంత్రం దాకా కూర్చుని తనూ ఒక నెమలి మొదలుపెట్టింది. అప్పటినుంచీ మధ్యాహ్నాలు ముగ్గురూ అరుగు మీదే.

దుర్గమ్మకి పువ్వులు త్వరలోనే మొహం మొత్తాయి. ఒకనాడు ఎవరికీ చెప్పకుండా ఏదో కుట్టి, తాతారావు భోజనానికి రాగానే ఎదురుగా పట్టింది.

"ఇదేంటో చెప్పు చూద్దాం."

తాతారావు తల పక్కకి వంచి చూశాడు. "కూజా."

"కాదు!"

"ముక్కు ఉందిగదా. అయితే టీ కెటిలు."

"ఎద్దండీ, పడుకున్న ఎద్దు," అంది సాబిరా.

సువర్ణ జాగ్రత్తగా, "అత్తయ్యా, ఇది మీ అబ్బాయి పనిచేసే మిల్లాండీ? ఇక్కడ పొగ్గొట్టం..." అంది.

దుర్గమ్మ బాలీసుని నేలకేసి కొట్టింది. "గూడబాతే! కొల్లేట్లో గూడబాతుని ఎప్పుడూ చూళ్ళేదా మీరు? మూతికింద సంచిలో చేపలేసుకుని పోద్ది! ఇదిగో సంచి! ఇదిగో అందులో చేప!"

తాతారావు దగ్గరగా వంగి, "చేప తలకాయ బయటికొచ్చి మననే చూస్తోందమ్మా," అన్నాడు. దానికి సాబిరా కొంగు నోట్లో కుక్కుకుంది. సువర్ణ గోడకానుకుంది. ఇంతలో దుర్గమ్మ గొంతులోంచి గుర్రుమని ఏదో వచ్చింది. దగ్గొచ్చిందనుకుని సువర్ణ మంచినీళ్ళు తెచ్చింది. అది దగ్గు కాదు, నవ్వు.

ఆ గూడబాతు బాలీసునే తాతారావు మిల్లుకి పట్టుకుపోయాడు. ఇంజను కింద గంటల తరబడి కూర్చునే పని అతనిది. ఒకరోజు దెందులూరు దగ్గర ఊరి కనకరాజుగారు ధాన్యం ఆడించుకోడానికి మిల్లుకి వచ్చారు. భారీ మనిషి, బోలెడు భూమి, అంతకు మించిన డాబు. కూర్చోడానికి ఏదీ కనిపించక ఆ బాలీసు మీద కూర్చున్నారు. ధాన్యం ఆడటం అయిపోయినా లేవలేదు.

"ఇది ఎక్కడ కొన్నావయ్యా?" అని అడిగారు.

"కొన్నది కాదండి. మా ఇంట్లోనే కుట్టారండి."

"ఇంట్లోనే! మెడ్రాసులో పెద్ద బంగళాల్లో చూశాను ఇలాంటివి. ఆయ్, మాఘంలో మా అబ్బాయి పెళ్ళి. కైకలూరు సంబంధం. కొల్లేరు దాటి పడవల మీద వెళ్తాం. పెళ్ళికొడుకు పడవ నిండా ఇవి ఉండాలి. వియ్యాలవారు నోరు తెరిచింది తెరిచినట్టే ఉండిపోవాలి. తెలిసిందా?"

తాతారావు ఆ మాట ఇంట్లో చెప్పేసరికి ముగ్గురాడవాళ్ళూ ఒకరి చేతులొకరు పట్టుకున్నారు. తర్వాత ఒకేసారి మాట్లాడటం మొదలుపెట్టారు. ఆ రాత్రి తాతారావుకి చారు తప్ప ఏమీ దక్కలేదు.

గుడ్డ రాజుగారు పంపించారు. ఉన్ని సాబిరా తెచ్చింది. మిషను పొద్దున్నించీ గలగలలాడుతూనే ఉంది. సువర్ణ గలేబులు కుడుతుంటే సాబిరా లతలు, నెమళ్ళు వేసింది. దుర్గమ్మ మాత్రం కొల్లేరంతా దింపేసింది: కొర్రమీను, తాబేలు, దోనె, నీటికోడి, పడుకుని చుట్ట కాల్చుకుంటున్న తన తమ్ముడు రామకోటి. అన్నీ బాగానే ఉన్నాయి గానీ, దూది దగ్గరే చిక్కొచ్చింది. బూరుగు కాయలు పగలడానికి ఇంకా చాలా రోజులుంది. పాత దూది ఊళ్ళో ఎవరి దగ్గరా లేదు.

"జమ్ముంది కదే!" అంది దుర్గమ్మ. "కొల్లేరు నిండా జమ్మే. కంకి నలిపితే దూది. చిన్నప్పుడు మేం పడుకున్నది వాటిమీదే."

కబురందుకుని లంకలోంచి రామకోటి పడవ నిండా జమ్ము కంకులు కోసుకొచ్చాడు. ముదురు గోధుమరంగులో, చుట్టల కట్టల్లా ఉన్నాయి. తలుపులు మూసుకుని మొదటి కంకిని సువర్ణ రెండు చేతులతో మెలిపెట్టింది. అది బుస్సుమని విచ్చుకుని, చేతిలోంచి పొంగి, మోచేతుల దాకా వచ్చి, గదిలోకి లేచింది. ఒక కంకిలో అంత దూది ఉంటుందని ఆమె అనుకోలేదు. సాబిరా మరోటి విరిచింది. దుర్గమ్మ రెండు చేతుల్తో చెరొకటి విరిచింది. కాసేపటికి గదిలో గోడలు కనపడలేదు. ఒకరినొకరు చూసుకుంటే ముగ్గురికీ తెల్లటి కనుబొమలు, తెల్లటి మీసాలు.

"పిన్నిగారూ, మీకు మీసం బాగుంది," అంది సాబిరా.

"నీకు గడ్డం కూడా వచ్చిందే!" అంది దుర్గమ్మ. నవ్వబోతే దూది నోట్లోకి పోయింది. తుమ్మితే మరింత లేచింది. ఆవిడ తుమ్ముకి ఈవిడ, ఈవిడ తుమ్ముకి ఆవిడ. అప్పుడే తాతారావు తలుపు తీశాడు. మేఘమొకటి అతన్ని దాటుకుని వీధిలోకి వెళ్ళిపోయింది. ఎదురింటివాళ్ళు ఎండబెట్టిన వడియాల మీద వాలింది. ఆ వారమంతా ఆ వీధిలో ఎవరు అన్నం తిన్నా ముందు ఊదుకుని తిన్నారు.

పెళ్ళి రోజు తెల్లవారుతూనే పడవలు కదిలాయి. ముందు మేళం, తర్వాత పెళ్ళికొడుకు, ఆ వెనక చాపల మరుగున ఘోషా ఆడవాళ్ళు, అన్నిటికీ చివర రామకోటి పడవ. అందులో బాలీసులు, మిల్లులోని గూడబాతుతో సహా. దారిలో బంధువులు తాంబూలం నమిలి పాడుచేస్తారని, రేవు దగ్గరపడ్డాకే వాటిని పెళ్ళికొడుకు పడవలో సర్దాలని రాజుగారి ఆజ్ఞ. సర్దడానికి సువర్ణ, దుర్గమ్మ వచ్చారు. ఇంట్లో పని ఉండటంతో సాబిరా రాలేకపోయింది.

దుర్గమ్మ కొల్లేరు చూసి చాలా ఏళ్ళయింది. పడవ అంచున కూర్చుని చెయ్యి నీళ్ళలో వేలాడేసింది. ఎండ పైకి వచ్చింది. సరస్సంతా వెండి పళ్ళెంలా ఉంది. సగం దూరం వచ్చాక ముందు పడవలోంచి కేక వినబడింది. కనకరాజుగారు పట్టు లాల్చీ, జరీ ఉత్తరీయంతో నిలబడి చెయ్యి ఊపుతున్నారు.

"ఇక్కడ ఇరుకుగా ఉందయ్యా! నేను ఆ పడవలోకి వచ్చేస్తాను. సర్దుడెలా ఉండాలో దగ్గరుండి చూస్తాను."

రామకోటి పడవ దగ్గరికి తీశాడు. రాజుగారు కాలు పెట్టగానే పడవ ఒక పక్కకి మూలిగింది. ఆయన బాలీసుల గుట్ట మీద మెత్తగా దిగబడి, కళ్ళు మూసుకుని, "ఆహా," అన్నారు.

అప్పుడే జమ్ము దుబ్బుల వెనకనుంచి పెద్ద పక్షుల గుంపు లేచింది. బరువుగా రెక్కలు కొట్టుకుంటూ పడవల పక్కనే నీళ్ళ మీద దిగింది. దుర్గమ్మ చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. "అవిగో గూడబాతులు! చూడండి రాజుగారండీ, చూడండి!"

రాజుగారు కళ్ళు తెరిచారు. పక్షుల్ని చూశారు. గుట్టలోంచి గూడబాతు బాలీసు లాగి దాన్నీ చూశారు. "ఇదీ అదీ ఒకటేనా?" అంటూ రెంటినీ పక్కపక్కన పెట్టి చూడటానికి బాలీసుని ఎత్తి పట్టుకుని లేచి నిలబడ్డారు.

"లేవకండి బాబూ!" అని రామకోటి అరిచేలోపే పడవ తిరగబడింది.

సువర్ణ నీళ్ళలో మునిగి లేచేసరికి చుట్టూ బాలీసులే. ఒక్కటీ మునగలేదు. ఎర్రవి, పచ్చవి, నెమళ్ళు, తాబేళ్ళు కెరటాల మీద ఊగుతూ నాలుగు దిక్కులకీ పోతున్నాయి. ఒక మూల చుట్ట కాలుస్తున్న రామకోటి వెల్లకిలా తేలుతున్నాడు. అసలు రామకోటి తెడ్డు కోసం వెతుక్కుంటున్నాడు. మధ్యలో కనకరాజుగారు గూడబాతుని గుండెలకి హత్తుకుని కాళ్ళు కొట్టుకుంటున్నారు.

"పోయాను! పోయానురా! అబ్బాయి పెళ్ళి ఆపకండి! నేను పోయినా సరే ముహూర్తం దాటనీయకండి!"

ముందు పడవల్లో ఆడవాళ్ళు ఏడుపులు లంకించుకున్నారు. మేళగాళ్ళు కంగారులో వాయించడం ఆపలేదు. రామకోటి తెడ్డు దొరకబుచ్చుకుని, చాలా మర్యాదగా చెప్పాడు.

"నిలబడండి బాబూ. నడుం లోతే."

కనకరాజుగారు కాళ్ళు కొట్టుకోవడం ఆపారు. ఒక కాలు దించారు. తర్వాత రెండోది. నెమ్మదిగా లేచి నిలబడ్డారు. నీళ్ళు ఆయన బొడ్డు దాకా కూడా లేవు. తర్వాత చాపల మరుగున ఎవరో కిసుక్కుమన్నారు. అది రాజుగారి భార్యే అని తర్వాత తెలిసింది.

"బాలీసులు పోతున్నాయి!" అంది సువర్ణ.

దుర్గమ్మ కోక గోచీ పోసుకుని నీళ్ళలో ముందుకి ఒక్క దూకు దూకింది. తెల్లజుట్టు ముడి ఊడిపోయింది. మునిగి, లేచి, పక్కకి తిరిగి, చేపలా ఈదింది. పారిపోతున్న బాతుల్ని తోలినట్టు చేతులతో నీళ్ళు కొడుతూ బాలీసుల్ని ఒక్కచోటికి చేర్చింది. ఒక నిజం గూడబాతు సాబిరా నెమలిని ముక్కుతో పట్టుకుని లాగుతుంటే, "వదలవే! వదులు!" అని దాంతో పోట్లాడింది. "అమ్మాయ్! నువ్వు ఆ తాబేలుని పట్టు! కొర్రమీను నీ వెనకే ఉంది!" సువర్ణ నడుము లోతు నీళ్ళలో పరుగెత్తుతూ, జారుతూ, పడుతూ, నవ్వలేక కడుపు పట్టుకుంటూ తాబేలుని పట్టుకుంది. అత్తగారు అలా నవ్వుతూ ఈదటం చూస్తే, ఈమె ఇన్నాళ్ళూ ఆ ఇంట్లో ఎక్కడ దాక్కుందా అనిపించింది.

అన్నీ దొరికాయి. అందరూ తడిసి ముద్దయి కైకలూరు వైపు రేవుకి చేరారు. వియ్యాలవారు సన్నాయితో, పన్నీటి బుడ్లతో ఎదురుచూస్తున్నారు. కనకరాజుగారు గూడబాతుని ఇంకా వదల్లేదు. పెళ్ళికూతురి తండ్రి ఎదురొచ్చి దండ వెయ్యబోతే, అప్పుడు గానీ దాన్ని సువర్ణ చేతికివ్వలేదు. ఇచ్చాక అందరూ ఆయన పొట్ట వంక చూశారు. సాబిరా వాళ్ళింటి ఉన్నికి రంగు దిగదు. కానీ గూడబాతుకి మాత్రం దుర్గమ్మ సంతలో కొన్న ఎర్ర దారం వాడింది. తెల్లటి పట్టు లాల్చీ మీద, ముక్కూ సంచీ సంచిలో చేపతో సహా గులాబీరంగు గూడబాతు నిండుగా దిగి ఉంది.

"ఆ గుర్తేంటండి బావగారూ?" అన్నారు పెళ్ళికూతురి తండ్రి.

రాజుగారు కిందికి చూసుకున్నారు. చాలాసేపు చూసుకున్నారు. తర్వాత ఛాతీ విరిచారు.

"మా వంశానిదండి. పెళ్ళిళ్ళకి మాత్రమే వేస్తాం."

"పక్షిలా ఉందండి."

"ఆయ్. హంస."

దుర్గమ్మ ఊరుకోలేకపోయింది. "హంసేంటండి బాబూ! గూడబాతు!"

అప్పుడు పెళ్ళికూతురి నాయనమ్మ, చూపు సరిగా ఆనని ముసలావిడ, కర్ర పొడుచుకుంటూ వచ్చి రాజుగారి పొట్టకి మొహం దగ్గరగా పెట్టింది. "గూడబాతే!" అంది. "సంచిలో చేప కూడా ఉంది. ఇన్నేళ్ళకి సరిగ్గా వేసినవాళ్ళు కనబడ్డారు. ఎవరమ్మా కుట్టింది?"

నాయనమ్మ వెనక, పల్లకీ తెర మరుగున, పెళ్ళికూతురు పకాలున నవ్వేసింది. ఆపుకోబోయి ఇంకా గట్టిగా నవ్వింది. పెళ్ళికొడుకు ఆమె గొంతు మొదటిసారి విన్నది అప్పుడే. తనూ నవ్వాడు. ఇక కనకరాజుగారికి వేరే దారి లేకపోయింది. గూడబాతు ఎగిరెగిరిపడేలా పొట్ట ఊపుతూ నవ్వారు.

పెళ్ళి అయినంతసేపూ బాలీసులు విడిదింటి కప్పు మీద ఎండాయి. ఊళ్ళోవాళ్ళంతా తలలెత్తి చూసి, మునగని దిండ్లట అని చెప్పుకున్నారు. నాయనమ్మ దుర్గమ్మని పక్కన కూర్చోబెట్టుకుని కొల్లేటి పక్షులన్నీ ఒక్కొక్కటీ చెప్పించుకుంది. అవన్నీ కుట్టిపెట్టమంది. గూడబాతు కావాలని అడిగితే రాజుగారు ఇవ్వలేదు. "అది నా ప్రాణం కాపాడిందండి," అన్నారు. రామకోటి ఏదో అనబోతే సువర్ణ కాలు తొక్కింది.

తిరుగు ప్రయాణానికి రాజుగారు పడవ మాటెత్తితే ఒప్పుకోలేదు. అందర్నీ చుట్టుదారిన రైల్లోనే పంపించారు. మర్నాడు మధ్యాహ్నం అత్తాకోడళ్ళు ఇల్లు చేరేసరికి సాబిరా అరుగు మీదే ఉంది.

"ఏం జరిగింది పిన్నిగారూ? వాళ్ళకి నచ్చాయా?"

దుర్గమ్మ చెప్పడం మొదలుపెట్టింది. "రాజుగారు లేచి నిలబడి..." అని ఆగిపోయింది. సువర్ణ అందుకుని, "నేను పోయినా సరే ముహూర్తం..." అనేసి అరుగు మీద కూలబడింది. సాబిరాకి ఇంకా ఏమీ తెలియదు. వాళ్ళిద్దర్నీ చూసే నవ్వు మొదలైంది. ముగ్గురూ ఒకరి భుజం మీద ఒకరు పడి, కళ్ళు తుడుచుకుని, "ఆగండి, ఆగండి, చెప్తాను," అనుకుంటూ, మళ్ళీ మొదటికే వస్తున్నారు.

తాతారావు మిల్లు నుంచి వచ్చాడు. "ఏమైందమ్మా?" అని అడిగాడు. తల్లి నవ్వుతూనే అతని వైపు చెయ్యి ఊపింది. "ఏమైంది సువర్ణా?" ఆమె తల అడ్డంగా ఊపింది. కాసేపు నిలబడి చూశాడు. లోపలికి వెళ్ళి పొయ్యి వెలిగించి, బియ్యం కడిగి, ఎసట్లో పోశాడు. అరుగు మీంచి మళ్ళీ ఒక్కసారిగా కేక పెట్టి నవ్వారు. చేతిలో గరిటెతో, ఎందుకో తెలియకుండానే, తాతారావూ గట్టిగా నవ్వేశాడు.